టాంగా రేవు, నవంబరు 1914: ఒక సచిత్ర చరిత్రలో బొమ్మలు, పటాలు సరిదిద్దిన కేసు

ఈ కేసు తెలుగులో తయారైన ఒక సచిత్ర యుద్ధ చరిత్రది. రచయిత, ప్రచురణ సంస్థ, చిత్రకారుడు, ప్రెస్సు వివరాలన్నీ తీసేశాం. రాతప్రతి చాలావరకు బాగానే ఉంది. చెడిందంతా బొమ్మల దగ్గర. ఫోటోలు లేని యుద్ధాన్ని ఫోటోలున్నట్టు చూపించబోవడమే అసలు తప్పు. ఇలాంటి పుస్తకాలు తెలుగులో పెరుగుతున్నాయి కాబట్టి, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో వరసగా రాసిపెడుతున్నాం.

నేపథ్యం

మొదటి ప్రపంచయుద్ధం అనగానే పడమటి కందకాలు, ఓడలనుంచి దిగి దాడి చేయడం అనగానే టర్కీలోని గల్లిపోలీ గుర్తొస్తాయి. గల్లిపోలీకి ఆరు నెలల ముందే, 1914 నవంబరు 2 నుంచి 5 వరకు, భారత సైన్యం జర్మన్ తూర్పు ఆఫ్రికాలోని టాంగా రేవులో దిగి ఓడిపోయింది. ఇప్పుడా ఊరు టాంజానియాలో ఉంది. కిలిమంజారో దిగువన ఉన్న మోషీ వరకు వెళ్లే ఉసంబరా రైలుమార్గం అక్కడే మొదలవుతుంది. ఆ రేవు చేతికొస్తే రైలుమార్గం చేతికొస్తుందన్నది బ్రిటిష్ వారి లెక్క.

వెళ్లిన దళం పేరు ఇండియన్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్ 'బి'. సుమారు 8,000 మంది. అధిపతి మేజర్ జనరల్ ఆర్థర్ ఐట్‌కెన్. 27వ (బెంగళూరు) బ్రిగేడ్‌లో 2వ లాయల్ నార్త్ లాంకషైర్, 63వ పాళయంకోట లైట్ ఇన్ఫంట్రీ, 98వ ఇన్ఫంట్రీ, 101వ గ్రెనేడియర్స్ ఉన్నాయి. ఇంపీరియల్ సర్వీస్ బ్రిగేడ్‌లో 13వ రాజపుత్ర, కాశ్మీర్ రైఫిల్స్, గ్వాలియర్ పదాతి దళాలు. వీటికి తోడు 61వ పయనీర్లు (దారులు, కందకాల పని కూడా చేసే సిపాయిలు), 28వ మౌంటెన్ బ్యాటరీ (విప్పి మోసుకెళ్లే చిన్న ఫిరంగుల దళం). అక్టోబరు 16న బొంబాయిలో బయల్దేరారు. ఎదుటి పక్షానికి లెట్టో-ఫోర్బెక్ నాయకుడు. ఆయన మోషీ వైపునుంచి రైల్లో విడతలుగా మనుషుల్ని దించాడు. నవంబరు 4 నాటికి ఆయన దగ్గర పోగైంది సుమారు 1,000 మంది. అందులో ఎక్కువమంది ఆస్కారీలు, అంటే జర్మన్ల కొలువులో ఉన్న ఆఫ్రికన్ సిపాయిలు.

బ్రిటిష్ భారత పక్షంలో చనిపోయినవారు, గాయపడ్డవారు, జాడ తెలియనివారు కలిపి 800 పైచిలుకు. జర్మన్ పక్షంలో మృతులు, క్షతగాత్రులు కలిపి 150 లోపు. ఒడ్డున వదిలేసి వచ్చిన 455 రైఫిళ్లు, 6 లక్షల తూటాలు ఆ తర్వాత జర్మన్లకే అక్కరకొచ్చాయి.

మా దగ్గరికి వచ్చిన సమస్య

పుస్తకం క్రౌన్ 1/4 సైజు, రాతప్రతి 180 పేజీలు, బొమ్మలు 94. రచయిత రెండేళ్లు కష్టపడి పోగుచేశారు. ప్రచురణకర్త అడిగింది ఒక్కటే: "బొమ్మలు కొంచెం మసకగా ఉన్నాయండీ, శుభ్రం చేసి పేజీల్లో సర్దండి." శుభ్రం చేసే ముందు ప్రతి బొమ్మ ఎక్కడిదో తేల్చుకోవడం పద్ధతి. అలా తేల్చుకుంటూ పోతే లెక్క ఇలా వచ్చింది.

94లో 22 కంప్యూటర్‌తో పుట్టించినవి. 17 యుద్ధం తర్వాత గీసిన చిత్రాలు, పోస్టుకార్డులు. మిగిలిన 55 ఫోటోలు, స్కాన్ చేసిన పటాలు. ఆ 55లో 14 తర్వాతి సంవత్సరాలవి, 9 వేరే ఊళ్లవి. 32 మిగిలాయి. వాటిలో 11 అచ్చుకు చాలనంత చిన్నవి. పేజీలో బొమ్మ నిండు వెడల్పు 5.75 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 1,725 పిక్సెళ్లు ఉండాలి. ఆ 11లో ఏదీ 700 దాటలేదు. అంటే పనికొచ్చేవి 21. వాటిలో యుద్ధం జరుగుతుండగా ఎవరో కెమెరాతో తీసినదని రుజువు చేయగలిగింది ఒక్కటీ లేదు.

రచయిత అబద్ధం చెప్పాలనుకోలేదు. ఆయన బొమ్మలు తీసుకున్న చోట్లలో వాటికింద 'టాంగా, 1914' అనే ఉంది. తప్పుడు వ్యాఖ్య ఒక చోటినుంచి ఇంకో చోటికి పాకి ఈ ప్రతిలోకి వచ్చింది.

ఏది ఎప్పటిదో తేల్చిన తీరు

మొదట వస్తువులు చూశాం. ఇనుప టోపీ కనబడితే అది 1914 కాదు, బ్రిటిష్ దళాలకు అవి 1915 చివర్లో గానీ రాలేదు. పైన గుండ్రటి పళ్లెం ఉన్న లూయిస్ గన్ అనే మెషీన్‌గన్ కనబడినా అంతే. విమానం ఉంటే టాంగా దాడి కాదు. ముందు తలుపు కిందికి వాలి సైనికులు పరిగెత్తుకుంటూ దిగే పడవ ఉంటే అది రెండో ప్రపంచయుద్ధపు ఊహ. టాంగాలో సైనికులు దిగింది లైటర్లు అనే, సరుకు దించే మామూలు పడవల్లో. చిన్న స్టీమరు వాటిని తాళ్లతో లాక్కొచ్చేది, ఒడ్డు దగ్గర నీళ్లలోకి దూకి నడిచి పోవాల్సిందే. కంప్యూటర్ బొమ్మలు 22లో 19 ఈ దశలోనే పోయాయి. వాటన్నిటిలో వాలుతలుపు పడవలే. మిగిలిన మూడిట్లో ఆస్కారీలకు నడినెత్తిన ముల్లుండే జర్మన్ పికెల్‌హౌబ టోపీలు పెట్టారు. ఆస్కారీ పెట్టుకున్నది ఖాకీ గుడ్డ చుట్టి మెడమీదికి వేలాడే టోపీ.

తర్వాత ఊరు. టాంగా పట్టణం అఖాతానికి దక్షిణ ఒడ్డున ఉంటుంది, అంటే రేవు ఉత్తరానికి చూస్తుంది. ఎదురుగా టోటెన్ అనే చిన్న దీవి. రేవు ఒడ్డునుంచి సముద్రం వైపు తీసిన ఫోటోలో ఆ దీవి ఎక్కడా లేకపోతే అనుమానించాలి. ఒడ్డున లూథరన్ చర్చి కోసు గోపురం కనబడితే అది దారెస్సలాం. అలాంటివే ఆరు దొరికాయి. మరో మూడు మొంబాసావి.

కష్టమైనవి మిగిలిన 14. ఊరు టాంగాయే, సిపాయిలు భారతీయులే, రేవూ అదే. కానీ బ్రిటిష్ సేనలు టాంగాను చివరకు పట్టుకున్నది 1916 జులైలో. ఆ తర్వాత అక్కడ భారత దళాలు తాపీగా దిగాయి, కెమెరాలు తాపీగా పనిచేశాయి. 1914 నవంబరు నాటి ఫోటోనూ 1916 జులై నాటి ఫోటోనూ విడదీయడానికి నీడ పనికొచ్చింది.

టాంగా భూమధ్యరేఖకు దక్షిణంగా 5 డిగ్రీల దగ్గర ఉంది. నవంబరు మొదటివారంలో సూర్యుడు దానికన్నా దక్షిణాన, సుమారు 15 డిగ్రీల మీద నడుస్తాడు. మిట్టమధ్యాహ్నం 10 మీటర్ల స్తంభం నీడ రెండు మీటర్లకు లోపే ఉండి ఉత్తరానికి పడుతుంది. జులై మొదటివారంలో సూర్యుడు ఉత్తరాన 22 డిగ్రీల పైన ఉంటాడు. అదే స్తంభం నీడ ఐదు మీటర్లకు పైగా సాగి దక్షిణానికి, ఊరివైపు పడుతుంది. ఉదయపు ఫోటోలైనా తేడా తెలుస్తుంది. నవంబరులో సూర్యుడు తూర్పుకు 15 డిగ్రీలు దక్షిణంగా, జులైలో 22 డిగ్రీలు ఉత్తరంగా పొడుస్తాడు, కాబట్టి నీడల దిక్కులో 37, 38 డిగ్రీల వ్యత్యాసం. కొలవడానికి ఫోటోలో దిక్కు తెలిసిన గీత ఒకటి కావాలి: రేవు గోడ, రైలుపట్టా, ఇప్పటికీ నిలిచున్న భవనపు అంచు. దాని దిక్కు ఇప్పటి ఉపగ్రహ చిత్రంలో చూసుకోవచ్చు. ఈ పద్ధతి 14లో పదింటికి సరిపోయింది, పదీ నవంబరువి కాలేదు. మబ్బు పట్టి నీడ లేని నాలుగింటిని ఆయుధాలను, యూనిఫాంను బట్టి తీసేశాం.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఈ పద్ధతితో 'ఇది 1914 నవంబరు కాదు' అని చెప్పొచ్చు. 'ఇది 1914 నవంబరే' అని చెప్పకూడదు. నవంబరు 4న ఏ నీడ పడుతుందో ఫిబ్రవరి మొదటివారంలోనూ అదే పడుతుంది.

వ్యాఖ్యల్లో వాడిన సాక్ష్యాలకూ ఇదే జల్లెడ. రచయిత ఏడు చోట్ల గూఢచర్య అధికారి రిచర్డ్ మైనర్ట్స్‌హాగెన్ డైరీ మాటలు బొమ్మలకింద పెట్టారు. ఆయన టాంగాలో ఉన్న మాట నిజం, ఒడ్డున వదిలిన సామగ్రి గురించీ గాయపడ్డవారి గురించీ జర్మన్లతో మాట్లాడిందీ ఆయనే. కానీ ఆ డైరీల మీద పరిశోధకులు గట్టి సందేహాలు లేవనెత్తారు. ఆయన పక్షుల సేకరణ కథ తెలిస్తే ఇంకా జాగ్రత్తపడతాం. 1914లో గుజరాత్‌లో పట్టానని ఆయన చీటీ కట్టిన ఒక చిన్న అడవి గుడ్లగూబ, నిజానికి 19వ శతాబ్దంలో మరొకరు సేకరించినదని తేలింది. ఆ తప్పుడు చీటీని పక్కనపెట్టి వెతికితేనే 1997లో ఆ పక్షి మహారాష్ట్రలో మళ్లీ కనబడింది. బొమ్మలకు వ్యాఖ్య రాసేవారు తప్పక గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది. ఏడు వ్యాఖ్యల్లో ఐదు తీసేశాం. మిగతా రెండిటికీ జర్మన్ వైపునుంచో, 1941లో వెలువడిన బ్రిటిష్ అధికారిక చరిత్రనుంచో రెండో సాక్ష్యం దొరికింది.

అట్టమీది తగాదా

ప్రచురణకర్తకు బాగా నచ్చిన విషయం 98వ ఇన్ఫంట్రీ. 1903కు ముందు అది హైదరాబాద్ కంటింజెంట్‌లో 5వ పదాతి దళం. 1922 తర్వాత 19వ హైదరాబాద్ రెజిమెంటులో 4వ బెటాలియన్ అయింది. ఆ రెజిమెంటే 1945లో కుమావూఁ అని పేరు మార్చుకుంది. "మన హైదరాబాద్ పేరుంది కదా, 'ఆఫ్రికాలో తెలుగు వీరులు' అని అట్టమీద వేద్దాం" అన్నారు.

వద్దని చెప్పడానికి కారణాలు రాసిచ్చాం. ఆ దళం పేరులో హైదరాబాద్ ఉందంటే దానికి జీతమిచ్చిన ఖజానా నిజాముదని అర్థం. 1914 నాటికి అందులో ప్రధానంగా ఉన్నది ఉత్తరాది రాజపుత్రులు, హిందుస్తానీ ముస్లింలు. తెలుగువారి జాడ వెతకాలంటే మద్రాసు సైన్యం వారసులైన 63వ, 61వ దళాల్లో వెతకాలి. అక్కడా తమిళుల పాలు ఎక్కువ. 19వ శతాబ్దం చివరికే, కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయన్న 'యుద్ధజాతుల' సిద్ధాంతం పేరుతో తెలుగువారిని చేర్చుకోవడం బాగా తగ్గించేశారు. పేర్ల జాబితా చేతిలో లేకుండా అట్టమీద ఆ మాట వేయలేం. చివరకు వెనక అట్టమీద 98వ దళం పేర్ల మార్పు నాలుగు పంక్తుల్లో వేశాం. అది నిజం, హైదరాబాద్ పాఠకుడికి ఆసక్తీ ఉంటుంది.

ఊరి పేరుతోనూ చిన్న చిక్కు. హైదరాబాద్ చుట్టుపక్కల టాంగా అంటే గుర్రబ్బండి. శీర్షికలో ఒంటరిగా వేస్తే జట్కాల చరిత్ర అనుకునే ప్రమాదం ఉంది. అందుకే అట్టమీద, వెన్నుమీద, మొదటి వాక్యంలో 'టాంగా రేవు' అనే వేయించాం.

చేసి చూసినవి, బెడిసినవి

తీసేసిన బొమ్మల స్థానంలో మొదట చేయించింది రేఖాచిత్రాలు. అనుభవమున్న చిత్రకారుడితో ఎనిమిది యుద్ధ దృశ్యాలు వేయించాం. మూడు సార్లు సరిచేశారు, యూనిఫాంలు, తుపాకులు అన్నీ కుదిరాయి. అయినా పక్కనపెట్టాం. కారణం వేరు. దృశ్యం గీయాలంటే చూసే కన్ను ఒకటి ఎక్కడో నిలబడాలి. కాశ్మీర్ రైఫిల్స్ కస్టమ్స్ హౌస్ పట్టుకోవడాన్ని చిత్రకారుడు ఎదురుగా ఉన్న మేడమీదినుంచి చూశాడు. ఆ మేడ ఆ క్షణాన జర్మన్ల చేతిలో ఉంది. 63వ దళం చెదిరిపోవడాన్ని వెనకనుంచి గీశాడు, చూసేవాడికి పిరికితనంగా కనబడింది. రెండు వారాలకు పైగా ఓడల్లో కుక్కి, దట్టమైన రబ్బరు, కొబ్బరి, సిసల్ తోటల్లోకి మిట్టమధ్యాహ్నపు ఎండలో నడిపిస్తే ఏమైందో ఆ బొమ్మ చెప్పలేకపోయింది. బొమ్మ తీర్పు చెప్పేస్తోంది, పక్కనున్న పాఠం ఇంకా వాదన దగ్గరే ఉంది.

రెండో ప్రయత్నం ఒక పెద్ద మడతపటం. మూడు రోజుల కదలికలన్నీ ఒకే కాగితం మీద, మూడు రకాల బాణాలతో. ఆరుగురు పాఠకులకు ఇచ్చి, నవంబరు 3 ఉదయం ఓడిందెవరో చూపించమన్నాం. ఇద్దరే చెప్పగలిగారు. 3న దిగిన 13వ రాజపుత్ర, 61వ పయనీర్లు 4న మళ్లీ కదిలారు కాబట్టి వాళ్ల బాణాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. పైగా మడత సరిగ్గా రైలుకోత (పట్టాల కోసం నేలను లోతుగా కోసిన దారి) మీద వచ్చింది. జర్మన్లు నిలబడి కాచిన గీత అదే, పుస్తకం రెండుసార్లు తెరిచేసరికి సిరా రాలిపోయింది.

మూడోది చిన్న తప్పే, నష్టం మాత్రం పెద్దది. యుద్ధం తర్వాతి జర్మన్ చిత్రాలు కొన్ని ఉంచి, పుస్తకం చివర చిత్రాల పట్టికలో 'ఊహాచిత్రం' అని వేశాం. నమూనా చదివినవారిలో ఒక్కరూ ఆ పట్టిక తెరవలేదు.

కుదిరినది

బొమ్మలను దృశ్యాల నుంచి వస్తువులకు మార్చాం. అదే చిత్రకారుడితో పదకొండు వస్తువులు వేయించాం: లైటరు, ఆస్కారీ టోపీ, 1871 నమూనా మౌజర్ రైఫిల్, మౌంటెన్ బ్యాటరీ ఫిరంగిని ముక్కలుగా విప్పిన భాగాలు, తేనెపట్టు దుంగ వగైరా. ఒక్కో వస్తువుకు కొలతలు, పక్కన అది యుద్ధంలో ఏం చేసిందో రెండు వాక్యాలు. ఉదాహరణకు ఆ మౌజర్ ఒక్క తూటా తుపాకి, పాతకాలపు నల్ల తుపాకిమందుతో పేలుతుంది. పేలినప్పుడల్లా పొగ లేచి కాల్చినవాడి చోటు పట్టిస్తుంది. జర్మన్ల చేతిలో ఎక్కువగా ఉన్నవి ఈ పాత తుపాకులే. బ్రిటిష్ పక్షం వదిలేసిన 455 కొత్త రైఫిళ్లకు అంత విలువ ఎందుకొచ్చిందో పాఠకుడికి ఈ బొమ్మతో అర్థమైంది. ఫిరంగి భాగాల బొమ్మ కింద రాసింది ఇంకా చిన్నది: ఈ ఫిరంగులు ఒడ్డుకు దిగలేదు, ఓడ డెక్కుమీదినుంచే కాల్చాయి. చెట్లు అడ్డం, గురి చూసి చెప్పేవారు లేరు.

తేనెటీగల దుంగ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ యుద్ధానికి 'తేనెటీగల యుద్ధం' అన్న పేరే ఉంది. జర్మన్లు తీగలు కట్టి తేనెటీగలను వదిలారన్న పుకారు అప్పట్లోనే పుట్టింది. రచయిత ప్రతిలో ఒక కంప్యూటర్ బొమ్మ అదే చూపించింది. జరిగింది ఇంతే: అక్కడివాళ్లు తేనె కోసం డొల్ల దుంగలను చెట్లకు వేలాడదీస్తారు. తూటాలు తగిలి ఈగలు లేచాయి. 98వ దళం చెదిరిపోయింది. జర్మన్ మెషీన్‌గన్ దగ్గరున్నవాళ్లనూ కుట్టాయని లెట్టో-ఫోర్బెక్ స్వయంగా రాశాడు. దుంగ నిలువుకోత బొమ్మ, దానికింద ఈ రెండు పక్షాల మాట. పుకారును ఖండిస్తూ వేరే పేరా రాయాల్సిన అవసరం రాలేదు.

అసలు బరువు మోసింది పటాలు. మడతపటం వదిలేసి, ఒకే చట్రం, ఒకే స్కేలుతో ఆరు చిన్న పటాలు వేశాం. స్కేలు ఎలా ఎంచామంటే: చూపాల్సిన నేల తూర్పున రాస్ కసోనె కొన నుంచి పడమట ఊరవతల జర్మన్ విడిది దాకా 5 కిలోమీటర్లు. పేజీ వెడల్పు 14.6 సెంటీమీటర్లు. 1:35,000 దగ్గర 14.3 సెంటీమీటర్లలో పట్టింది. దిగిన చోటు నుంచి ఊరికి సుమారు 3 కిలోమీటర్లు, అంటే పటంమీద ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, బాణాలకు చోటు చాలు. రచయిత ఇచ్చిన 1:3,00,000 జర్మన్ పటంలో ఆ 3 కిలోమీటర్లు ఒక్క సెంటీమీటరే. దాన్ని మోషీ రైలుమార్గం చూపే పటానికి మాత్రమే వాడాం.

పాత యుద్ధపటాన్ని ఇప్పటి నేలకు అతికించడానికి క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో ఎనిమిది గుర్తుబిందువులు వాడాం: రైల్వేస్టేషన్, జర్మన్ల కాలపు భవనాల మూలలు, రాతి కొనలు. మడచెట్ల ఒడ్డును బిందువుగా పెట్టకూడదు, వందేళ్లలో అది కదులుతుంది. సాగదీసే పద్ధతుల్లో అన్నిటికన్నా సరళమైనది వాడాలి. వంకర సాగదీత అయితే బిందువుల దగ్గర తేడా సున్నా చూపిస్తుంది, మధ్యలో నేలను మెలిపెడుతుంది, ఆ తప్పు కనబడదు. సరళ పద్ధతిలో మాకు మిగిలిన తేడా 30 మీటర్లు. అచ్చు పటంమీద మిల్లీమీటరు లోపే, బాణం మందం దాన్ని కప్పేస్తుంది.

దళాల పేర్లు పూర్తిగా రాస్తే పటం నిండిపోతుంది. 'లాయల్ నార్త్ లాంకషైర్' ఒక్కటే మూడు సెంటీమీటర్లు తింటుంది. అందుకే అంకెలే వేశాం: 13, 61, 63, 98, 101. అంకె లేనివాటికి 'లా', 'కా'. తెలుగు అక్షరం పటంమీద 8 పాయింట్లకన్నా చిన్నదైతే కింది ఒత్తు రైలుపట్టా గీతతో కలిసిపోయి చదవడానికి రాదు, కాబట్టి ప్రతి పేరు చుట్టూ అరమిల్లీమీటరు తెల్ల అంచు. పాత ఫాంట్లలో ఉన్న రాతప్రతిని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు 'ర్బె', 'ట్స్‌హా' లాంటి చోట్ల అక్షరాలు విరిగాయి. విదేశీ పేర్లన్నిటినీ విడిగా పట్టికగా తీసి, ఒక్కొక్కటి కంటితో చూసుకోవాల్సి వచ్చింది.

ఆరు పటాల వరస ఇది. మొదటిది 2వ తేదీ: బ్రిటిష్ యుద్ధనౌక ఫాక్స్ రేవులోకి వచ్చి, ఆ రేవుకు అంతకుముందు కుదిరిన సంధి చెల్లదని చెప్పి, లొంగిపోవడానికి జర్మన్ జిల్లా అధికారికి గంట గడువిచ్చింది. ఆ గడువులో కబురు మోషీకి వెళ్లింది. రేవులో మందుపాతరలు ఉన్నాయేమోనన్న అనుమానంతో ఓడలు ఊరిముందుకు రాకుండా రాస్ కసోనె కొనకు మళ్లాయి. రెండోది ఆ రాత్రి దిగుడు, 3వ తేదీ తెల్లవారుజాము దాడి, వెనకడుగు. మూడోది 3 రాత్రి: ఇటు మిగతా దళాలు దిగుతుంటే అటు రైళ్లు దిగుతున్నాయి. లెట్టో-ఫోర్బెక్ చీకట్లో సైకిలు తొక్కుకుంటూ ఊళ్లోంచి రేవు దాకా వెళ్లి, దీపాలు వెలుగుతున్న ఓడలను చూసి వచ్చింది ఆ రాత్రే. నాలుగోది 4 మధ్యాహ్నం, తోటల్లోంచి సాగిన వరస. ఐదోది సాయంత్రం: కుడిపక్క కాశ్మీరీలు, లాంకషైర్ వారు ఊళ్లోకి చొచ్చుకెళ్లారు, నడుమ వరస తెగింది, ఎడమపక్క 101వ గ్రెనేడియర్స్‌మీద జర్మన్ ఎదురుదాడి పడింది.

ఫోటోల వ్యాఖ్యలకు నాలుగు గళ్లు పెట్టాం: ఏముంది, ఎప్పటిది, ఎవరు చేశారు, ఏం చూపడం లేదు. నాలుగో గడి ఖాళీ ఉంటే బొమ్మ పేజీలోకి వెళ్లదు. ఊహాచిత్రమైతే ఆ మాటే వ్యాఖ్యలో మొదటి మాట, బొమ్మకింది అక్షరాల సైజులోనే. 1916 నాటి టాంగా ఫోటోలు మూడు మళ్లీ పుస్తకంలోకి వచ్చాయి, చివరి అధ్యాయంలో, వాటి సరైన తేదీతో. చివరి లెక్కలో పుస్తకంలో మిగిలినవి 24 ఫోటోలు, పాత పటాలు, 11 వస్తువుల బొమ్మలు, 6 యుద్ధపటాలు, ఒక రైలుమార్గపు పటం. 94 నుంచి 42కు వచ్చాం.

అచ్చు ఖర్చు కూడా తగ్గింది. మొదటి అంచనాలో అన్ని ఫారాలూ (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్టలు) ఆర్ట్ పేపరు. ఇప్పుడు ఫోటోలన్నీ కలిపి రెండు ఫారాలు 130 జీఎస్ఎమ్ మ్యాట్ మీద, మిగతావి మ్యాప్‌లిథో అనే మామూలు అచ్చు కాగితం మీద. పటాలు రెండు రంగులే: నలుపు, ఒక ఎరుపు. భారత దళాలు నిండు నలుపు, జర్మన్ దళాలు బోలు గడులు, ఎరుపు దిగుడు చోట్లకు మాత్రమే. మ్యాప్‌లిథో సిరాను పీల్చుకుని చుక్కను పెంచుతుంది, అందుకే తోటలను చూపే బూడిదరంగు 20 శాతానికి మించనివ్వలేదు. ప్రూఫులో 30 శాతం వేస్తే అంకెలు మునిగిపోయాయి.

తర్వాతివారికి

బొమ్మల తనిఖీ రాతప్రతి ఒప్పుకునే ముందే జరగాలి. ఈ కేసులో డీటీపీ పూర్తయ్యాక మొదలైంది కాబట్టి బొమ్మల లెక్క 52 తగ్గి పేజీలన్నీ మళ్లీ కట్టాల్సి వచ్చింది. రచయితతో మాట్లాడేటప్పుడు 'ఇది నకిలీ' అనకుండా నీడ కొలిచిన కాగితం ముందు పెడితే వాదన త్వరగా తేలింది. రెండో వారానికి ఆయనే స్కేలు పట్టుకుని కొలవడం మొదలుపెట్టారు, ఆ పదిలో చివరి మూడూ ఆయన తేల్చినవే. నష్టాల అంకెలు ఒక్కో మూలంలో ఒక్కోలా ఉంటాయి. పటాల పక్కన ఒక్క అంకె వేసి, పాఠంలో తేడా ఎందుకో చెప్పడం మేలు.

ఆరో పటం సంగతి చివరికి ఉంచాం. అది నవంబరు 4 రాత్రిది. చీకటి పడ్డాక బ్రిటిష్ భారత దళాలు దిగిన ఒడ్డుకు వెనక్కి వచ్చేశాయి. అటు బూరా సంకేతాన్ని పొరపాటుగా అర్థం చేసుకున్న జర్మన్ కంపెనీలూ ఊరు వదిలి పడమట విడిదికి వెళ్లిపోయాయి. కొన్ని గంటలపాటు టాంగాలో ఏ సైన్యమూ లేదు. ఆ సంగతి ఒడ్డునున్నవారికి తెలియలేదు. తెల్లవారేలోగా లెట్టో-ఫోర్బెక్ తనవాళ్లను మళ్లీ ఊళ్లోకి పంపాడు, 5న ఐట్‌కెన్ ఓడలెక్కించడం మొదలుపెట్టాడు. రచయిత ఆ పేజీకి మొదట పెట్టింది మంటల్లో తగలబడుతున్న రేవు బొమ్మ. పటంలో మేం వేసింది తూర్పు అంచున నల్ల గడులు, పడమట అంచున బోలు గడులు, మధ్యలో వీధులు, స్టేషను, రైలుకోత. ఊరిమీద ఒక్క గుర్తూ లేదు.

మెషీన్ ప్రూఫు రోజున ప్రెస్సునుంచి ఫోనొచ్చింది, ఆరో పటం ప్లేటులో దళాలు ఎగిరిపోయాయి, ఆపాలా అని. ఐదు పటాలు వరసగా చూసినవారికి అలాగే అనిపిస్తుంది. ఆ ఫారం అచ్చు రెండు గంటలు ఆగింది. కావాలని ఖాళీ వదిలిన పటాలకు ఇప్పుడు ప్లేటు అంచులో, కత్తిరింపు గీతకు అవతల, 'మధ్యలో ఖాళీ సరైనదే' అని రాయించి పంపుతున్నాం.